బుర్రకథ సమీక్షలో గుమ్మెట వినపడాలి: రేడియో అధికారి గారికి బహిరంగ లేఖ

కార్యక్రమాల అధికారి గారికి, నమస్కారం.

కోనసీమ తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, జరిగే బుర్రకథలు, హరికథలు, పౌరాణిక నాటకాల మీద మీరు వేసే సమీక్షల్లో ముఖ్య అతిథుల పేర్లు, శాలువాల సంగతి తప్ప కళ వినపడటం లేదు.

బుర్రకథనే తీసుకోండి. నడుమ కథకుడి తంబురా, చేతి అందెల చప్పుడు, కాలి గజ్జెలు; అటూ ఇటూ వంతలు, అంటే పక్కపాటగాళ్లు, వాయించే గుమ్మెటలనే చిన్న డోళ్లు. విలేకరి రికార్డరును మైకుసెట్టు హారన్ ముందు పెడితే అందెల చప్పుడు రేకుడబ్బా మోతలా వస్తుంది, గుమ్మెట అడుగు నాదం అసలే పోతుంది. హారన్ ఆ కింది శబ్దాన్ని పలికించలేదు మరి. వేదిక ముందు, కథకుడికి నాలుగైదు అడుగుల దూరంలో స్టాండు మీద పెట్టించండి. గట్టి దెబ్బకు కూడా రికార్డరులో శబ్దస్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ముందే సరిచూసుకోవాలి. పగిలిన శబ్దాన్ని తర్వాత స్టూడియోలో ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. గోదావరి గట్టు గాలికి మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి. కథ మొదలవకముందు ఒక నిమిషం జనం సందడి విడిగా పట్టుకుంటే, ఎడిటింగులో అతుకులు తెలియవు.

ఐదు నిమిషాల సమీక్షలో ఒకటిన్నర నిమిషమైనా కథే వినిపించండి. రాజకీయ వంత ఇప్పటి సంగతుల్ని ఎక్కడ కలిపాడు, హాస్య వంత కథను నడిపాడా, ఆపేశాడా, ‘తందాన తాన’ దగ్గర నడక ఎక్కడ మారింది, ఇవీ చెప్పాల్సినవి. ‘కళ్లకు కట్టినట్టు ప్రదర్శించారు’ అంటే వినేవాళ్లకు ఏం తెలుస్తుందండీ?

వంతలతో సహా కళాకారుల పేర్లు, ఊళ్లు వాళ్లనే అడిగి రాసుకోమనండి. వచ్చే సంక్రాంతి తీర్థాల నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
డెల్టా కళాభిమాన శ్రోతలు