ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టరే దిక్కు

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తెలుగు పిల్లలు చదివే బడుల్లో ఫలితాలు బాగోలేకపోతే అందరం టీచర్లనే అంటాం. వాళ్ళను నడిపించేవారెవరని అడగం. మా పిల్లల బడికి చాలాకాలంగా ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టరే దిక్కు. ఆయన మంచి లెక్కల మాస్టారు. ఇప్పుడు ఆ లెక్కలన్నీ మధ్యాహ్న భోజనం బియ్యానికే సరిపోతున్నాయి. నిన్నమొన్నటి దాకా తోటివారైన టీచర్లను ఆలస్యమెందుకని అడగాలంటే ఆయనకు మొహమాటం. కొత్త టీచరమ్మ ఒడియాలో చెప్పే పాఠం ఇంట్లో తెలుగే మాట్లాడే ఒకటో తరగతి పిల్లలకు అందుతోందో లేదో, తరగతిలో కూర్చుని చూసి చెప్పేవారు లేరు. బాగా చెప్పిన రోజున మెచ్చుకునేవారూ లేరు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది మహిళలుండాలి. అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సిందీ ఆ కమిటీయే. మా దగ్గర కమిటీ తీర్మానాల రిజిస్టరు ఇంటికే వస్తుంది, సంతకం పెట్టి పంపేస్తాం. (ఒడియా చదవలేని తల్లులకు అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?)

జిల్లా విద్యాధికారులు ఖాళీలు భర్తీ చేయాలి. అంతవరకూ బియ్యం లెక్కలు వేరొకరికి అప్పగించి, ఇన్‌ఛార్జి రోజుకో పీరియడైనా తరగతులు చూసేలా చేయాలి. కమిటీ తీర్మానాలు తెలుగులోనూ చదివి వినిపించాలి.

— ఒక విద్యార్థి తండ్రి, గజపతి జిల్లా, ఒడిశా