ఆకుపచ్చ ఫైలులో పెట్టిన ఉత్తరం

అమ్ములూ,

ఎల్లుండి ఢిల్లీ రైలెక్కుతున్నావు. నీ సూట్‌కేసులో బట్టల అడుగున ఆకుపచ్చ ఫైలు పెట్టాను. నీ రిపోర్టులన్నీ తారీకుల వారీగా అందులో ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏ డాక్టరు దగ్గరికెళ్లినా నీ తరఫున నేనే మాట్లాడాను. ఇకమీద నువ్వే చెప్పుకోవాలి. అందుకే ఈ ఉత్తరం.

చిన్నప్పుడు నీకు నెల తిరిగేసరికి జలుబు. అది తగ్గేలోపు చెవిలో చీము. పొద్దున లేవగానే నీ దిండు మీద పసుపుపచ్చ మరక ఉందా లేదా అని చూసేదాన్ని. నీ మూడో ఏట పిల్లల డాక్టరమ్మ రక్తపరీక్ష చేయిస్తే, క్రిములతో పోరాడే యాంటీబాడీల్లో ఒకటైన ఐజీఏ దాదాపు లేదని వచ్చింది. "ఇప్పుడే ఏ పేరూ పెట్టొద్దమ్మా, పిల్లల్లో ఇది నెమ్మదిగా పెరుగుతుంది, నాలుగేళ్లు దాటాక మళ్లీ చూద్దాం" అన్నారావిడ. ఐదో ఏట చూసినా అంతే, డెసిలీటరుకు 7 మిల్లీగ్రాముల లోపే. ఐజీజీ, ఐజీఎం అనే మిగతా యాంటీబాడీలు మాత్రం బాగానే ఉన్నాయి. ఇలా ఐజీఏ ఒక్కటే లోపించడాన్నే సెలెక్టివ్ ఐజీఏ డెఫిషియన్సీ అంటారు.

ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ. కన్నీళ్లలో, లాలాజలంలో, ముక్కులో, గొంతులో, పేగుల్లో, ఒంట్లో తడిగా ఉండే ప్రతి గడప దగ్గరా కాపలా ఉండేది అదే. మన ఒళ్లు రోజూ తయారుచేసే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం ఇదేనట. అది లేకపోతే ఎలాగా అని నాకు నిద్రపట్టేది కాదు. కానీ ఇది లేనివాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. రక్తదానానికి వెళ్లి పరీక్ష చేస్తే బయటపడ్డవాళ్లూ ఉన్నారు. యూరప్ మూలాలున్న వాళ్లలో సుమారు 600 మందికి ఒకరికి ఉంటుంది, జపాన్‌లో మాత్రం చాలా అరుదు. ఐజీఎం లాంటివి కొంతవరకు దాని పని అందుకుంటాయి. నీకూ పదేళ్లు దాటాక చెవిపోటు రాలేదు కదా.

నువ్వు పుట్టినప్పుడు రెండు రోజులు నిన్ను అద్దాల పెట్టెలో ఉంచారు, నీకు ముర్రుపాలు పట్టలేకపోయాను. ముర్రుపాలలో ఐజీఏ ఎక్కువగా ఉంటుందని తెలిశాక, ఇదంతా నావల్లే అనుకుని ఎన్నో ఏళ్లు కుమిలిపోయాను. చివరికి డాక్టరమ్మనే అడిగేశాను. పాలలో వచ్చే ఐజీఏ బిడ్డ పేగును ఆ కొన్నాళ్లు కాపాడుతుందే తప్ప, బిడ్డ ఒంట్లో తయారయ్యేదానికి, దానికి సంబంధం లేదన్నారు. యాంటీబాడీలు తయారుచేయాల్సిన నీ రక్తంలోని బి కణాలు ఐజీఏ చేసే కణాలుగా ఎదగడం లేదు, అంతే. ఎవరైనా నీతో ఇంకోలా అంటే నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతి. నీ పదకొండో ఏట విరేచనాలు, కడుపుబ్బరం, ఎంత ఐరన్ సిరప్ తాగినా పెరగని హిమోగ్లోబిన్. వేరే ఆసుపత్రిలో నీకు సీలియాక్, అంటే గోధుమ తింటే పేగు దెబ్బతినే జబ్బు, ఉందేమోనని పరీక్ష చేశారు. నెగెటివ్ వచ్చింది. బలం రావాలని నేను రాత్రుళ్లు అన్నం మానిపించి చపాతీలు పెట్టాను. నెయ్యి రాసి, ముక్కలు తుంచి, వద్దంటున్నా నోట్లో పెట్టాను. ఏడాది గడిచింది. నీ చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

ఆ పరీక్ష వెతికేది ఐజీఏ రకం యాంటీబాడీనే. నీ ఒంట్లో ఐజీఏనే లేనప్పుడు జబ్బున్నా నెగెటివే వస్తుంది. నీలాంటివాళ్లకు ఐజీజీ మీద ఆధారపడే పరీక్ష చేయాలి. పైగా ఐజీఏ లేనివాళ్లలో సీలియాక్ మామూలు వాళ్లకంటే ఎక్కువ. ఆ రోజు ఈ ఫైలు నా ఒళ్లోనే ఉంది. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత మరో డాక్టరుగారు పాత కాగితాలు తిరగేసి, సరైన పరీక్ష రాసి, ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీశాక అది సీలియాకేనని తేలింది. అమ్ములూ, జలుబుకి వెళ్లినా సరే, కుర్చీలో కూర్చోగానే "నాకు ఐజీఏ లేదండీ" అని చెప్పు. అడిగేదాకా ఆగకు.

రక్తం ఎక్కించాల్సి వస్తే ఇంకా ముఖ్యం. అరుదుగానే అయినా, కొందరి ఒళ్లు ఎక్కించిన రక్తంలోని ఐజీఏను పరాయిదనుకుని తిరగబడుతుంది. అలాంటివాళ్లకు కడిగిన ఎర్రకణాలు వాడతారు. నీకు ఐజీఏ లేదని రాసిన కార్డు నీ ఫోను కవరులో పెట్టాను, తియ్యకు.

ఐజీఏను బయటినుంచి భర్తీ చేసే మందు లేదు. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడుల మీద డబ్బు పెట్టకు. ఫ్లూ టీకా ఏటా వేయించుకో. ఏడాదికోసారి ఐజీజీ కూడా చూపించుకో, కొద్దిమందిలో ఏళ్లు గడిచాక అదీ తగ్గుతుంది. ఏడాదిలో రెండుసార్లు నిమ్ము చేస్తే మాత్రం నాకు టెన్షన్ అని దాచకు.

హాస్టల్లో రొట్టెలే ఎక్కువ ఉంటాయి. వంటాయనతో ముందే మాట్లాడు. చపాతీ కాల్చిన పెనం మీద నీ దోశె వేయొద్దని చెప్పు. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవే. బజారు ఇంగువలోనూ గోధుమపిండి కలుపుతారు, అందుకే కలపని ఇంగువ చిన్న డబ్బాలో పెట్టాను. పక్కనే రెండు కిలోల జొన్నపిండి. అయిపోయే వారం ముందే చెబితే నాన్న పార్సిల్ వేస్తారు.

మీ అమ్మ