వంతెన మీది ఫొటో గురించి అమ్మకి

ఫుకుయామా, జపాన్,
డిసెంబరు 2

అమ్మా,

మొన్న ఫొటో చూసి ఫోన్ పెట్టేశావు. "సముద్రం మీద, లారీల పక్కన సైకిలా? మావయ్యకి జరిగింది చాలదా?" అన్నావు. ఆ తర్వాత నేనేం చెప్పినా నీ చెవికెక్కలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుస్తాం. అందుకే రాస్తున్నాను, ఆఖరిదాకా చదువు.

ముందు లారీల సంగతి. మేం వెళ్ళిన దారి పేరు షిమానామి కైదో. ఒనోమిచి నుంచి షికోకు అనే పెద్ద దీవిలో ఉన్న ఇమాబరి దాకా, మధ్యలో ఆరు దీవులు, మొత్తం 70 కిలోమీటర్ల చిల్లర. దీవుల్ని కలిపే వంతెనల మీద సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వేరే దారి ఉంది. ఇన్నోషిమా వంతెన మీదైతే కార్లు పైన పోతాయి, వాటి కింద ఇనుప దూలాల మధ్య నుంచి మా దారి. ఆ ఫొటో తీసింది ఆఖరి వంతెన, కురుషిమా మీద. మూడు వేలాడే వంతెనలు వరసగా, దగ్గర దగ్గర 4 కిలోమీటర్లు. నా భుజం వెనక నీకు కనపడిన లారీకీ నాకూ మధ్య కంచె ఉందమ్మా. ఫొటోలో అది పడలేదు.

దీవుల మీద మాత్రం మామూలు రోడ్లే. నీ దగ్గర దాచను, అక్కడ కార్లూ వస్తాయి, లారీలూ వస్తాయి. రోడ్డు ఎడమ అంచున నీలం గీత ఒకటి ఊరూరా మనతోపాటే వస్తుంది, ఇమాబరి ఇంకెన్ని కిలోమీటర్లో దాని పక్కనే రాసి ఉంటుంది. ఇక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కడానికి చట్టం ఒప్పుకోదు, ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. ముందున్నవాళ్ళు గుంట చూస్తే వేలితో చూపిస్తారు. ఆగాలంటే చెయ్యి నడుం వెనక్కి పెట్టి అరచెయ్యి తెరుస్తారు. వెనక బండి వస్తే చివర ఉన్న మనిషి "కురుమా!" అని కేకేస్తుంది. కురుమా అంటే బండి. ఆ కేక ఒకరి నుంచి ఒకరికి ముందుదాకా పోతుంది.

మావయ్య ఆ రోజు ఒక్కడే ఉన్నాడు. వెనక లారీ వస్తోందని చెప్పే మనిషి లేదు. ఆ కేక విన్నప్పుడల్లా నాకు మావయ్యే గుర్తొస్తాడు.

మేం నలుగురం. ఆఫీసులో నా పక్క సీటావిడ, వాళ్ళాయన, ఒక వియత్నాం అమ్మాయి, నేను. ఆవిడకి 58 ఏళ్ళు. ఎప్పుడూ చివర తొక్కేది ఆవిడే. అందరికన్నా బాగా తొక్కేవాళ్ళే చివర ఉండాలంటుంది.

ఒనోమిచిలో మొదట పడవెక్కాలి. నాకు మన కోటిపల్లి రేవే అనిపించింది. పంటు మీద సైకిళ్ళు, స్కూటర్లు, కూరల సంచులు ఎలా ఎక్కేవో ఇక్కడా అంతే, బడిపిల్లలు సైకిళ్ళతో ఎక్కి నిలబడ్డారు. కూర్చుందామా అనుకునేలోపే అవతలి ఒడ్డు వచ్చేసింది.

ఇకుచిజిమా దీవంతా నిమ్మతోటలే. అక్కడ రోడ్డు పక్కన చిన్న చెక్క బల్ల, దాని మీద వల సంచుల్లో కమలాపళ్ళు, పక్కన డబ్బులెయ్యడానికి రేకు డబ్బా. సంచి 100 యెన్లు. కొట్లో మనిషి లేదు, చుట్టుపక్కల ఇల్లు కూడా లేదు. నువ్వైతే "ఎవరండీ లోపల" అని నాలుగుసార్లు పిలిచేదానివి. నేనూ కాసేపు నిలబడ్డాను. నాణెం వేస్తే డబ్బా అడుగున ఠంగుమంది, అంటే ఆ రోజుకి మాదే మొదటి బేరమేమో. తొక్క పలచగా ఉంది, గోరు తగిలితే వచ్చేస్తోంది. నలుగురం గట్టు మీద కూర్చుని సంచీ ఖాళీ చేశాం.

తతారా వంతెన మధ్యలో హిరోషిమా జిల్లా అయిపోయి ఎహిమే మొదలవుతుంది. దాని స్తంభం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు గొలుసులా పైకి పాకుతుంది.

ఓషిమా దీవిలో నా వెనక చక్రం కూర్చుండిపోయింది. పంక్చర్‌ని వీళ్ళు "పంకు" అంటారు. నాకు భయమేసింది, మూడున్నర దాటింది, ఈ నెలల్లో ఐదింటికే చీకటి. ముగ్గురూ దిగిపోయారు. ఒక్కరు కూడా టైం చూసుకోలేదు. ట్యూబు మార్చేస్తానన్నాను. ఆవిడ ఆగమని, టైరు లోపల వేలితో మెల్లగా తడుముతూ చుట్టూ వచ్చింది. వెంట్రుకంత ఇనుప తీగ దొరికింది. అది తియ్యకుండా కొత్త ట్యూబు వేసి ఉంటే పది నిమిషాల్లో మళ్ళీ దిగిపోయేది. నాన్నగారు కూడా ట్యూబు బకెట్లో ముంచాక టైరు తడమకుండా ఎప్పుడూ ఎక్కించరు కదా, ఆయనకి ఈ సంగతి చదివి వినిపించు.

అందుకే కురుషిమా మీదికి వచ్చేసరికి సందె పడింది. లైట్లు వేసుకున్నాం. 60 మీటర్లకు పైనే కింద సముద్రం సుళ్ళు తిరుగుతోంది, పడవలు పోతున్నాయి. గాలికి హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. ఆగి తీసిన ఫొటోయే అది. రాత్రి ఇమాబరిలో ఉండి, మర్నాడు సైకిళ్ళ చక్రాలు విప్పి సంచుల్లో కట్టుకుని రైల్లో వచ్చేశాం.

సైకిలు మానేస్తానని మాత్రం చెప్పలేనమ్మా. వారమంతా ఆఫీసు, గది. ఆదివారం ఆ ముగ్గురితో కలిసి తొక్కుతున్నప్పుడే ఈ దేశంలో నాకూ మనుషులున్నారనిపిస్తుంది.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం, దగ్గరికే. బయల్దేరేముందు ఒక మెసేజీ, గదికొచ్చాక ఒకటి పెడతాను. మొదటిది చూడగానే జాగ్రత్త అని ఒక్క మాట రాయి. అది చదువుకునే సైకిలెక్కుతాను.

నీ
చిన్నమ్మాయి