నాలుగు రాత్రుల ముచ్చట

ఫ్రిస్కో, టెక్సాస్
ఏప్రిల్ 12, 2026, ఆదివారం

బాపూ,

ఇక్కడ అందరం మంచిగున్నం. నువ్వూ అమ్మా ఎట్లున్నరు? అమ్మ మోకాలికి తైలం రాసుకుంటున్నదా, అల్మారల పెట్టి మరిచిపోయిందా? ఈ ఉత్తరం తమ్మునికి పంపి, పెద్ద అక్షరాలతోని ప్రింటు తీసి నీ చేతికియ్యమన్న. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవేమో. మొన్న చెప్పబోతే "సరే తియ్, అమ్మకిస్తున్న" అని ఇచ్చేసినవు. కోపం చేసినా ఇంత బాధ కాకపోవు. నువ్వట్ల ఊకున్నప్పటి సంది నాకు సరిగ్గ నిద్ర లేదు.

ఆఫీసు ఎప్పటి లెక్కనే నడుస్తున్నది. ఆయనకు కొత్త ప్రాజెక్టు దొరికింది, ఆ రంది తీరింది. చిన్నోనికి ముందటి పన్ను ఊడింది. ఇంటి మీద పడేయమని నువ్వు చెప్పినవంట. ఇక్కడి ఏటవాలు కప్పు మీద నిలవక రెండుసార్లు కిందికి దొర్లింది, మూడోసారికి నిలిచింది. తాతకు చెప్పు అన్నడు, చెప్తున్న.

ఇగ పెద్దదాని ఫుట్‌బాల్ క్యాంపు ముచ్చట. "ఆడపిల్లను నాలుగు రాత్రులు తెల్వని కాడ పండవెడ్తవా" అన్నవు. ఒక్కనాడు అనుకొని ఒక్కనాడు పైసలు కట్టలే బాపూ. సంక్రాంతి అయినప్పటి సంది చూస్తున్నం. ఏమేం చూసినమో అన్నీ రాస్త. చదివినంక నువ్వు ఏమన్నా పడ్త.

మొదలు యూరప్ల మస్తు పేరున్న ఒక క్లబ్బు పేరు మీద నడిచే క్యాంపు చూసినం. దీనికి ఆ క్లబ్బంటే పాణం. అయిదు దినాలు, దినానికి మూడు గంటలు, పోయినోళ్లకు క్లబ్బు అంగీ, లాగు, బంతి ఇస్తరు. నేను ఫోను చేసి రెండే మాటలు అడిగిన: ఒక్క కోచ్ కింద ఎంతమంది పిల్లలుంటరు, గోల్‌కీపర్లకు వేరే కోచ్ ఉన్నడా. పదహారు మందికి ఒక్కరు, కీపర్లకు వారం మీద ఒక్క పూట అన్నరు. పేరు ఆ క్లబ్బుదే గని, నేర్పేటోళ్లు ఎండకాలం మట్టుకు పెట్టుకున్న ఇక్కడోళ్లే. అంగీ కోసం అన్ని పైసలు పెట్టుడు నాకు మనసొప్పలే.

కీపర్లకు వేరే కోచ్ ఎందుకంటవా. మామూలు క్యాంపులల్ల మిగిలిన పిల్లలకు బంతితోని ఉరుకుడు, తన్నుడు అన్నీ నేర్పుతరు. కీపరు పిల్ల రెండు కొయ్యల నడుమ నిలబడి వచ్చిన బంతినల్ల ఆపుడే. ఎట్ల ఆపాల్నో చెప్పేటోళ్లు ఉండరు. ఆ పని వేరే బాపూ. పక్కకు దుంకి పడేటప్పుడు ముందు పిక్క పక్క, తర్వాత తొడ, నడుము, ఆఖరుకు భుజం నేలకు ఆనాలె. మోచెయ్యి ముందు ఆనిందంటే భుజం పోతది. బంతి పట్టేటప్పుడు బొటనవేళ్లు రెండు దగ్గరికి రావాలె, లేకుంటే నడుమల నుంచి జారి మొఖానికి తాకుతది. ఇదంత వీడియోలు చూసి, హాల్ల పరుపులు పరుచుకొని ఒక్కతే నేర్చుకున్నది. చలికాలమంత మా ఇంట్ల సాయంత్రాలు ధబ్ ధబ్ అని అదే సప్పుడు.

దాని గ్లౌజులు నువ్వు చూడాలె. ఆట అయినంక గోరువెచ్చటి నీళ్లల్ల మెల్లగ పిసికి, పిండకుండ నీడకు ఆరేస్తది. ఎండల పెడితే అరచేతి రబ్బరు పెళుసైతదంట. చిన్నోన్ని ముట్టనియ్యది. అంత పయిలంగ ఒక వస్తువును చూసుకునేది మన ఇంట్ల నిన్నొక్కన్నే చూసిన, నీ డ్యూటీ టార్చిలైటును.

ఆ తర్వాత కాలేజీలోళ్లు పెట్టే ఐడీ క్యాంపులు. కాలేజీ కోచ్‌లు వచ్చి, ఎవరు మంచిగ ఆడుతున్నరో కనిపెట్టుకొని పోయేటియి. ఇక్కడ మనోళ్ల ఇండ్లల్ల ఇదే ముచ్చట, ఆటతోని సీటొస్తది, స్కాలర్‌షిప్పొస్తదని. నేను సుత కొన్నాళ్లు ఆ దిక్కే మొగ్గిన. కని ఇది ఇప్పుడు ఎనిమిదో తరగతి అయి తొమ్మిదిల పడుతది. పదో తరగతి అయినంక వచ్చే జూన్ 15 దాక పెద్ద కాలేజీల కోచ్‌లు పిల్లలతోని సీటు ముచ్చట మాట్లాడొద్దని ఎన్‌సీఏఏ, అంటే ఇక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ, నియమమే ఉన్నది. అంటే ఇంక రెండేండ్లు. ఇప్పుడే తోల్కపోయి నిలబెడితే ఆట మీద ఉన్న ఇష్టం పోయి బుగులు పట్టుకుంటది. వద్దనుకున్నం.

మూడోది దాని సొంత క్లబ్బోళ్ల పొద్దటి క్యాంపు. ఇంటికి దగ్గర, ఎప్పటి కోచే, ఎప్పటి సోపతిగాళ్లే. ఆయనకు ఇదే నచ్చింది. నీ మాటే ఆయన మాట, రాత్రికి ఇంటికొస్తది గదా అని. పైసలు కట్టే దాక వచ్చినం. ఆ రాత్రి ఇది నా పక్కకొచ్చి కూసొని, "అమ్మా, అక్కడ నాకు నేర్పేటోళ్లు లేరు" అన్నది. అంతే అన్నది, మొండికి పోలే, ఏడ్వలే. నాకు దాని మాటల న్యాయం కనవడ్డది.

మేం పైసలు కట్టింది నాలుగోదానికి. కారుల మూడు గంటల దూరం, ఒక యూనివర్సిటీల, జులై 13 నుంచి 17 దాక. ఒట్టి ఆడపిల్లలకే, పదమూడు నుంచి పదిహేడేండ్లోళ్లకు. కీపర్లు వేరే గుంపు, ఎనిమిది మందికి ఒక కోచ్. ఆ కోచ్ ఆడామెనే, కాలేజీల గోల్‌కీపర్‌గ ఆడింది. హాస్టల్ల గదికి ఇద్దరు, అంతస్తుకు ఇద్దరు ఆడ పెద్దమనుషులు పండుకుంటరు, రాత్రి పదింటికి పిల్లలను లెక్కవెడ్తరు. పని చేసేటోళ్లందరి మీద పోలీసు రికార్డు చూసినంకనే పెట్టుకుంటరంట, పిల్లల రక్షణకు సేఫ్‌స్పోర్ట్ అనే శిక్షణ అందరికీ అయినట్టు కాయితం చూపెట్టిన్రు. పెద్దమనిషి ఎవ్వరైనా ఒక పిల్లతోని తలుపేసిన గదిల ఒంటరిగ ఉండరాదనేది అండ్ల రాసున్నది. దెబ్బ తాకితే చూసేటందుకు ఆట జరిగినంత సేపు ఒక ట్రైనరు మైదానంలనే ఉంటడు. క్యాంపోళ్ల జవాబులన్నీ గుడిల ఇచ్చిన క్యాలెండరు వెనుక రాసుకున్న, మార్చి కాయితం నిండిపోయింది. ఆడపిల్లల ముచ్చట్లు అమ్మతోని వేరే మాట్లాడిన, అమ్మకు రంది లేదు. అడుగు కావాలంటే.

మోకాలు ముచ్చట నువ్వు అడగకున్నా నేనే చెప్తున్న, ఎందుకంటే నా అసలు బుగులు అదే. పోయినేడు దీని జట్టుల ఒక పిల్ల ఎగిరి కిందికి దిగుతుంటే మోకాలు లోపలికి మడతవడి ఏసీఎల్, అంటే మోకాలు లోపలి నరం లాంటి పట్టీ, తెగింది. ఆపరేషనైంది, ఇంక కట్టుతోనే నడుస్తున్నది. ఈ వయసు ఆడపిల్లలకు ఈ దెబ్బ మగపిల్లల కన్న ఎక్కువ. అందుకనే ఫిఫా లెవెన్ ప్లస్ అని ఇరవై నిమిషాల కసరత్తు ఉన్నది, ఆటకు ముందు చేపిస్తరు. ఉరుకుడు, ఒంటికాలి మీద నిలబడుడు, దుంకి మోకాలు సీదగ పెట్టి దిగుడు. దానితోని దెబ్బలు తగ్గినయని పరీక్ష చేసి చూసిన్రు. రోజూ చేపిస్తరా అని అడిగిన, పొద్దుమాపు రెండుపూటలా చేపిస్తమన్నరు.

ఎండ అంటవా, జులైల ఇక్కడ 38 దాటుతది. మన హన్మకొండ మే నెల ఎండల ముందట అదెంత అనుకోకు, ఉరికే పిల్లలకు అది సుత ఎక్కువనే. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాక, మళ్ల సాయంత్రం ఆరు కొట్టినంకనే బయట ఆట. మధ్యాహ్నం నీడకు, ఏసీ హాల్ల. ఇంటికాడున్నప్పుడు నేను అమ్మ లెక్కనే సల్లల ఉప్పు, జిలకర వేసి సీసల పోసిస్తున్న. జట్టుల పిల్లలు అడిగి తాగుతున్నరు.

బాపూ, ఒక్క మాట. కోపానికి రాకు.

1998ల నేను తొమ్మిదిల ఉన్నప్పుడు ఖోఖోకు మా బడి నుంచి ఎంపికైన, యాదికున్నదా. కరీంనగర్ల ఆటలు, రెండు రాత్రులు ఆడనే. చాక్‌పీసు నీళ్లల్ల నానవెట్టి తెల్లబూట్లకు పూసి దర్వాజ కాడ ఆరవెట్టిన. నీకు ఆ వారం నైట్ డ్యూటీ. పొద్దుగాల షెడ్డు నుంచి వచ్చి సైకిలు స్టాండేసి, బూట్ల దిక్కు చూసి, "ఎవరు తోల్కపోతున్నరు, రాత్రి ఎవరు చూస్తరు" అని అడిగినవు. నా దగ్గర జవాబు లేకుండె. వద్దన్నవు. అమ్మ బూట్లు తీసి లోపల పెట్టింది. నువ్వు ఆ మధ్యాహ్నం పండుకోలే, మంచం మీద కూసోనే ఉన్నవు, అది సుత నేను చూసిన.

నిన్ను తప్పు పట్టుడు కాదు బాపూ. నువ్వడిగింది తప్పు కాదు. నీకు చెప్పేటోళ్లు లేకుండె, సారు ఇంటిదాక రాలే, చేతికి కాయితం రాలే. ఇప్పుడు ఈ క్యాంపోళ్లను నేను మొట్టమొదలు అడిగింది ఆ రెండు మాటలే, ఎవరు తోల్కపోతరు, రాత్రి ఎవరు చూస్తరు. ఈసారి జవాబు దొరికింది. దొరికినంక సుత వద్దంటే ఎందుకు వద్దన్ననో దానికి నేను ఏం చెప్పాలె?

నిజామాబాద్ దిక్కు తండాల పుట్టిన ఫుట్‌బాల్ ఆటగత్తె గుగులోత్ సౌమ్య ముచ్చట దానికి చెప్పింది నువ్వే. 2022ల క్రొయేషియా దేశంల జాగ్రెబ్ క్లబ్బుకు ఆడొచ్చిందని పేపర్ల చదివి వినిపిచ్చినవు. రహీం సాబ్ ముచ్చట సుత నువ్వు చెప్పిందే, హైదరాబాద్ల బడిపంతులు మన దేశం జట్టుకు కోచ్ అయి 1962ల జకార్తల ఏషియన్ గేమ్స్‌ల గెలిపిచ్చిన ముచ్చట. ఫైనల్ల దక్షిణ కొరియా మీద 2-1, గోల్ల మన హైదరాబాద్ తంగరాజ్. కాజీపేట రైల్వే గ్రౌండు గట్టు మీద పెద్దోళ్లు చెప్తే నువ్వు విన్నయి అవన్నీ. ఇది తంగరాజ్ పేరు చిట్టీ మీద రాసి అద్దానికి అంటిచ్చుకున్నది. గోల్ కాడ నిలబడుతనని ఎందుకు పట్టువట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

ఇంకోటి, ఈ ఏడు మీ దగ్గర ఆరు వారాలు ఉంటమని చెప్పి నాలుగు వారాలు చేసినందుకు నువ్వు బాధపడ్డవని తమ్ముడు చెప్పిండు. నిజమే, నాకూ కష్టంగనే ఉన్నది. క్యాంపు జూన్ల ఒకటి, జులైల ఒకటి ఉండె. జూన్‌ది ఒప్పుకుంటే ఈ ఏడు వచ్చుడే కాకపోవు, అందుకే జులైది తీసుకున్నం. మే 30న ఎక్కుతం, జూన్ 1న ఇంట్ల ఉంటం, 27న మళ్ల ప్రయాణం. మిరుగం నాడు చేపల కూర నీ చేతిదే కావాలె. అమ్మను తొక్కు మాకోసం ఆపొద్దను, కాయ పండువారుతది. సకినాలు చెయ్యొద్దను, అంతసేపు కింద కూసోవద్దు. భద్రకాళమ్మకు మొక్కున్నది, పోయినసారి మిగిలింది.

జూన్ 11 నుంచి వరల్డ్ కప్. మా ఇంటికి గంట దూరంల ఆర్లింగ్టన్ల తొమ్మిది ఆటలున్నయి. దీనికి వాటికన్న నీ పక్కన కూసొని టీవీల చూసుడే కావాలంట. చాన ఆటలు మనకు అర్ధరాత్రి, తెల్లారగట్లనే పడుతయి. నీకు నాలుగింటికే మెలకువ వస్తది గదా, దాన్ని లేపు.

దాని కోచ్ ఒకటి చెప్పింది. క్యాంపుకు ముందు నాలుగు వారాలు చేతికి బంతి తాకకుంటే నష్టమంట. రోజూ పొద్దుగాల ఎండ రాకముందు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు తోల్కపోతవా? గట్టిగ తన్నే పని లేదు, పది అడుగుల దూరం నుంచి చేతితోని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి విసిరితే చాలు. నీ భుజం నొప్పి లేస్తే తమ్ముడు విసురుతడు, నువ్వు గట్టు మీద కూసొని చూడు.

బంతి గాలి తీసి పెట్టెల తెస్తున్నం. సూది మేమే తెస్తం. ఇంట్ల సైకిల్ పంపు ఇంక పని చేస్తున్నదా, చూసి తమ్మునితోని చెప్పియ్యి.

నీ చిన్న బిడ్డ