శనివారం రాత్రి బిల్లింగ్ ఎందుకు ఆగిందంటే

మా సర్వర్ల మీద బుకింగ్, బిల్లింగ్ నడుపుకుంటున్న తిరుపతి లాడ్జీల వాళ్లకు, చిత్తూరు బెల్లం మండీ వాళ్లకు నమస్కారం. మొన్న శనివారం రాత్రి 8:09 నుంచి 9:40 దాకా మీలో సగం మందికి సిస్టమ్ ఆగిపోయింది. తప్పు నాదే. అయినా జరిగింది చెప్పాలి.

మీ వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్ లోపల విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు, ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద, రెండు సర్వర్లలో ఉంటాయి. 15 నిమిషాలకోసారి ఒకదాని డేటా రెండోదాంట్లోకి కాపీ అవుతుంది. అయితే క్లస్టర్, అంటే ఈ రెండు సర్వర్ల జట్టు, నడిచేది ఓట్ల లెక్క మీద. సర్వర్‌కు ఒక ఓటు. రెండు ఓట్లలో ఒకటి పోతే మిగిలిన ఒక్కటి మెజారిటీ కాదు. కొత్తగా ఏ వర్చువల్ మెషీన్‌నీ స్టార్ట్ చేయనివ్వదు. అందుకే మూడో ఓటుకు ఒక చిన్న మెషీన్ కావాలి. దానికి అడ్వాన్స్ కట్టి అయిదు వారాలైంది. సప్లయర్‌కు ఫోన్ చేసినప్పుడల్లా ‘రేపు సార్’. ఒకసారి రేణిగుంట దాటిందన్నాడు. అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చినా ఈపాటికి చేరాలి!

నిజానికి ఓటుకు మూలనున్న పాత పీసీ చాలు. మా కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. ‘ఆ డబ్బా పెడితే మన పరువేం కానురా’ అని నేనే మొండికేశాను.

ఆ రాత్రి తిరుచానూరులో ఇంట్లో ఉన్నాను. ఒక సర్వర్ పలకడం లేదు. చచ్చిందా, కేబుల్ ఊడిందా? ఇంటినుంచే ‘ఒక్క ఓటు చాలు’ అని కమాండ్ కొడితే అయిదు నిమిషాల్లో అందరికీ సిస్టమ్ లేచేది. కానీ అవతలిది బతికే ఉండి, కేబుల్ మళ్లీ పట్టుకుంటే? ఒకే ఐపీ అడ్రస్‌తో రెండు బిల్లింగ్ సర్వర్లు, రెండు రకాల లెక్కలు. ఒకే రూమ్ ఇద్దరు యాత్రికులకు. మీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, తిట్లూ పడ్డాయి. కమాండ్ కొట్టలేదు. బండి తీసి లీలామహల్ సర్కిల్ దగ్గర ఆఫీసుకు పోయి, పవర్ సప్లయ్ కాలిన వాసన చూశాకే కొట్టాను. ఇంకోసారి వచ్చినా ఇదే చేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

ఆఖరి కాపీ 8 గంటలది, కాబట్టి తొమ్మిది నిమిషాల ఎంట్రీలు పోయాయి. రసీదులు పంపితే మేమే ఎక్కిస్తాం. ఆగిపోయిన వాళ్లకు ఈ నెల బిల్లు లేదు. కాపీ ఇకమీదట 5 నిమిషాలకోసారి.

పాత పీసీ ఆదివారం నుంచి ఓటు వేస్తోంది. కొత్త మెషీన్ నిన్న వచ్చింది. పెట్టె ఇంకా విప్పలేదు.