తీగ బోర్డర్ కిట్‌లో అచ్చు కొలత తప్పు, ఫుట్ తప్పు: మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: మీ కుట్టు మిషన్‌తో పాటు విడిగా డబ్బు తీసుకుని ఇచ్చిన ఫ్రీ మోషన్ తీగ బోర్డర్ కిట్‌లో లోపాల గురించి.

అయ్యా,

సికింద్రాబాద్‌లోని మీ డీలర్ దగ్గర మిషన్‌నూ, దానికి జతగా తీగ బోర్డర్ కిట్‌నూ కొన్నాం. రజాయిల అంచు చుట్టూ తీగ డిజైన్ కుట్టడానికి పనికొచ్చే కిట్ ఇది. ఫ్రీ మోషన్ అంటే మిషన్ పళ్ళు దించేసి గుడ్డను చేత్తో జరుపుతూ కుట్టడం. కిట్‌లో మూడు వస్తువులు ఉన్నాయి: తీగ వంపులు కోసిన యాక్రిలిక్ అచ్చు, ఫ్రీ మోషన్ ఫుట్, తెలుగులో వివరణ పుస్తకం. మూడింటిలోనూ తప్పులున్నాయి. మీ కాల్ సెంటర్‌కు చెబితే టెక్నీషియన్‌ను పంపారు. ఆయన నూనె వేసి, పైదారం టెన్షన్ సరిచేసి, జాబ్ షీట్ మీద “మిషన్ బాగుంది, కుట్టేవారికి అలవాటు కావాలి” అని రాసి వెళ్ళారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారన్నమాట. మద్దెల ఓడుదో కాదో కొలిచి చూశాం. ఆ కొలతలే ఈ ఉత్తరంలో రాస్తున్నాం.

మిషన్ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. గుడ్డను ముందుకు జరిపే పళ్ళను దించే మీట సరిగ్గా పనిచేస్తోంది. మోటారు నెమ్మదిగా తొక్కినా ఆగకుండా తిరుగుతోంది. బాబిన్ కేసు పట్టు నిలకడగా ఉంది. తప్పంతా కిట్‌దే.

ముందు అచ్చు సంగతి. దాని మీద ఒక తీగ వంపు పొడవు 6 అంగుళాలని చెక్కి ఉంది. టేపు పెడితే 15 సెంటీమీటర్లే వచ్చింది. 6 అంగుళాలంటే 15.24 సెంటీమీటర్లు. వంపు ఎత్తు 2 అంగుళాలని చెక్కినచోట సరిగ్గా 5 సెంటీమీటర్లు ఉంది, అంటే 5.08 ఉండాల్సింది. అంగుళాల్లో వేసిన డిజైన్‌ను సెంటీమీటర్లలోకి మార్చేటప్పుడు దశాంశాలు వదిలేసి కోశారని దీన్నిబట్టే అర్థమవుతోంది. ఎత్తులో పోయిన 0.8 మిల్లీమీటరుతో ఇబ్బందేమీ లేదు. పొడవు సంగతి అలా కాదు, ఎందుకంటే తీగలో ఆ తేడా వంపు వంపుకూ పేరుకుంటూ పోతుంది.

మీ పుస్తకంలోనే ఇచ్చిన కొలతలు తీసుకుందాం: రజాయి లోపలి భాగం 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు, చుట్టూ 5 అంగుళాల బోర్డర్, నాలుగు మూలల్లో విడిగా మూల ఆకు. 6 అంగుళాల వంపైతే చిన్న వైపు 10, పెద్ద వైపు 14 వంపులు లెక్కగా పడతాయి. 15 సెంటీమీటర్ల వంపుతో చిన్న వైపు 150 సెంటీమీటర్లకే తీగ అయిపోతుంది, బోర్డర్ 152.4 ఉంది. అంటే 2.4 సెంటీమీటర్లు ఖాళీ. పెద్ద వైపు 210కి ఆగుతుంది, ఉండాల్సింది 213.36. అక్కడ ఖాళీ 3.36 సెంటీమీటర్లు. ఒక్కో వంపులో తేడా 2.4 మిల్లీమీటర్లే కాబట్టి గీసేటప్పుడు కంటికి ఆనదు. మూలకు చేరాకే బయటపడుతుంది. పైగా రెండు వైపులా ఖాళీ ఒక్కలా లేదు కాబట్టి మూల ఆకును ఎటు జరిపినా రెండు తీగలకూ కలవదు. కొంతమంది ఆ ఖాళీలో తిన్నగా కాడ గీసి కలుపుతారు. అంత దూరం మెలికలు తిరిగి వచ్చిన తీగ మూల దగ్గర కర్రలా బిగుసుకుపోయి, మిగతా పని ఎంత బాగున్నా చూపు అక్కడికే పోతుంది.

ప్రతి అతుకు దగ్గరా అచ్చును 2.4 మిల్లీమీటర్లు జరిపితే సరిపోతుందని మీ టెక్నీషియన్ అన్నారు. అతుకు పడేది తీగ మధ్యగీతను ఏటవాలుగా దాటే చోట. అక్కడ జరిపితే గీత తెగి చిన్న మెట్టు పడుతుంది. పది మెట్లను చేత్తో నున్నగా దిద్దగలిగిన పనిమంతులకు అచ్చు అక్కర్లేదు, సుద్దతో మధ్యగీత గీసుకుని చేతివాటంగానే తీగ వేస్తారు. అచ్చు కొనేది ఆ పని తప్పించుకోవడానికే కదా.

కుట్టాక గుడ్డ కుంచించుకుపోయి తేడా వచ్చిందని అనకుండా కాగితం మీద కూడా చూశాం. ఖాకీ కాగితం మీద 60 అంగుళాల గీత గీసి, అచ్చును గుర్తుకు గుర్తు కలిపి పదిసార్లు వేశాం. చివరి వంపు టేపు మీద 150 దగ్గర ఆగింది. ఆ కాగితం జతచేస్తున్నాం. సూది, దారం, చేతి అలవాటు వీటిలో ఏదీ ఆ కాగితానికి తగల్లేదు.

ఇక ఫుట్. ఫ్రీ మోషన్ ఫుట్‌కు ఉండే పక్క కడ్డీ సూది బిగించే స్క్రూ మీద ఆనుకుని ఉంటుంది. సూది లేచినప్పుడు ఫుట్ లేవాలి, దిగినప్పుడు స్ప్రింగ్ దాన్ని గుడ్డ మీదికి దించి పట్టాలి. సూది గుడ్డలోంచి పైకి వచ్చే ఆ క్షణంలో గుడ్డ కదలకుండా ఉంటేనే సూది వెనక దారం వంకీ తేలుతుంది, కింది కొక్కెం దాన్ని అందుకుంటుంది. మీరిచ్చిన ఫుట్ కిందిదాకా దిగడం లేదు. చేతి చక్రం తిప్పి సూదిని పూర్తిగా దించి, ఫుట్ కింద 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ దూరిస్తే అవలీలగా దూరింది. అదే మిషన్‌కు మామూలు లో షాంక్ (మిషన్‌కు బిగించే కాడ పొట్టిగా ఉండే రకం) డార్నింగ్ ఫుట్ బిగిస్తే 1 మిల్లీమీటరు బిట్ మాత్రమే పట్టింది. రెండు ఫుట్‌లనూ పక్కపక్కన నిలబెడితే కారణం తెలిసిపోతుంది: మీ ఫుట్‌లో స్క్రూ గాడి 3 మిల్లీమీటర్లు కిందుగా కోశారు. అందువల్ల బిగించాక అడుగు అంతమేర పైనే ఆగిపోతోంది.

దీని ఫలితం మీకు పంపుతున్న గుడ్డ ముక్కల్లో కనిపిస్తుంది. పైన కాటన్, మధ్యలో పాలియెస్టర్ వాడింగ్, కింద అస్తరు. 90/14 సూది. పైనా కిందా ఒకే దారం. మొదటి ముక్క మీ ఫుట్‌తో కుట్టింది. వంపు తిరిగే ప్రతి చోటా కుట్టు దాటేసింది, రెండు మూడు కుట్లు కలిసి పొడుగాటి దారమై తేలింది. రెండో ముక్కకు ఫుట్ తప్ప ఇంకేమీ మార్చలేదు. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. షోరూంలో డెమో ఇచ్చేటప్పుడు ఈ తేడా ఎందుకు కనబడలేదంటే, అక్కడ వాడింగ్ లేకుండా గంజి పెట్టిన పాప్లిన్ రెండు పొరల మీద కుట్టి చూపిస్తున్నారు. ఆ గుడ్డ బిగువుగా ఉంటుంది కాబట్టి సూదితో పాటు పైకి లేవదు. వాడింగ్ పెట్టిన రజాయి అలా ఉండదు, మెత్తగా ఉండి సూదిని పట్టుకుని పైకి లేస్తుంది.

అన్నిటికంటే ముందు మీరు పట్టించుకోవాల్సింది ఇది. అచ్చు అంచు వెంబడి ఫుట్‌ను ఆనించి నడిపితే తీగ దానంతటదే వస్తుందని పుస్తకం 4వ మెట్టులో రాశారు. మీ అచ్చు మందం 3 మిల్లీమీటర్లు. కింద నొక్కుకుపోయిన రజాయి మందం ఒకటిన్నర మిల్లీమీటర్లనుకున్నా అచ్చు పైతలం నాలుగున్నర దగ్గర ఉంటుంది. ఫుట్ అడుగు 4 దగ్గర. అంటే సూది దిగినప్పుడు కూడా ఫుట్ అచ్చుకు ఆనేది అర మిల్లీమీటరే. సూది పైకి లేచినప్పుడు ఫుట్ అచ్చును దాటి పైకి వెళ్తుంది. ఆ సమయంలో చేయి కాస్త అటు నొక్కితే ఫుట్ అచ్చు మీదికి ఎక్కి, తర్వాతి పోటు యాక్రిలిక్ మీద పడుతుంది. సూది విరిగి ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం, మనిషి ముఖం ఉండేది అక్కడే. అచ్చు వెంబడి నడపాలంటే గుండ్రంగా, అచ్చు కన్నా ఎత్తైన గోడ ఉన్న రూలర్ ఫుట్ ఉండాలి. సాధారణంగా ఆ ఫుట్ వ్యాసం అర అంగుళం, కుట్టు అచ్చుకు పావు అంగుళం దూరంలో పడుతుంది. సన్న అంచుతో ఎగిరే ఫుట్‌తో ఆ పని చేయమని చెప్పడమే తప్పు. ఈ 4వ మెట్టును వెంటనే రద్దు చేస్తున్నట్టు కొన్నవాళ్ళందరికీ మెసేజ్ పంపండి. మిగతావి ఆలస్యమైనా ఇది ఆగకూడదు.

పని తెలియనివాళ్ళు చేసే తప్పులు వేరే ఉంటాయని మాకు తెలుసు. వాటి ఆనవాళ్ళు వేరు. వంపుల దగ్గర అడుగున పైదారం కనురెప్పల వెంట్రుకల్లా పరుచుకుంటే, చేయి మోటారు కన్నా వేగంగా తిరిగిందనో పైటెన్షన్ వదులుగా ఉందనో అర్థం. మొదట్లోనే అడుగున దారం ఉండకట్టిందంటే ఫుట్ మీట దించడం మరిచారు, టెన్షన్ బిళ్ళలు దారాన్ని పట్టలేదు. కుట్లు ఒకచోట చీమల బారులా, ఇంకోచోట బారుగా ఉంటే అది చేతి నిలకడ. మేం పంపిన ముక్కల్లో అంగుళానికి పది పన్నెండు కుట్లు సమంగా ఉన్నాయి, అడుగున దారం ఎక్కడా తేలలేదు. ఉన్నది కుట్టు తప్పడం ఒక్కటే, అదీ మీ ఫుట్ ఉన్నప్పుడే. మీ టెక్నీషియన్ టెన్షన్ తిప్పారు గానీ ఫుట్ కింద వేలు పెట్టి కూడా చూడలేదు.

పుస్తకం గురించి. పళ్ళు దించాక కుట్టు పొడవు 2.5లో పెట్టమన్నారు. పళ్ళు గుడ్డను జరపనప్పుడు ఆ అంకెతో పని లేదు, 0లో పెట్టమనాలి. కుట్టు పొడవును చేయీ మోటారూ కలిసి నిర్ణయిస్తాయని ఒక్క వాక్యమైనా రాయాలి. కచ్చాకుట్టు బదులు పిన్నులు 8 అంగుళాలకొకటి పెట్టమన్నారు, అంత దూరం పెడితే అస్తరు అడుగున మడతలు పడుతుంది. 3, 4 అంగుళాలకొకటి ఉండాలి. ముందు బోర్డర్ కుట్టి తర్వాత లోపలికి వెళ్ళమన్నారు. అలా చేస్తే లోపలి వదులంతా బోర్డర్ బిగించిన గట్టు దగ్గర చేరి ఉబ్బుతుంది. ముందు లోపలి అతుకుల గాడుల్లో కుట్టి నిలబెట్టుకున్నాకే బోర్డర్‌కు రావాలి.

తీగ ఒక వైపు మధ్యలో మొదలుపెట్టి చుట్టూ తిరిగి రమ్మన్నారు, అది కూడా తిరగేయాలి. గీసేటప్పుడు మూల నుంచి మొదలుపెట్టి రెండు మూలల నుంచీ మధ్యకు రావాలి. పావు అంగుళమో అరో తేడా వస్తే మధ్యలో రెండు మూడు వంపుల్లో సర్దితే కనబడదు, మూలలో దాచడానికి చోటుండదు. కుట్టేటప్పుడు కాడ మొత్తం ఒక వైపు చివరిదాకా కుట్టి, తిరిగి వచ్చేటప్పుడు కాడ మీదుగా వస్తూ ఆకులు వేస్తే దారం తెంచే పని తగ్గుతుంది. మీ బొమ్మలో ఒక్కో ఆకుకూ దారం తెంచినట్టుంది. ఆకు కొసన సూదిని గుడ్డలో దించి ఒక్క క్షణం ఆగాలన్నది ఎక్కడా లేదు. అది లేకపోతే కొస మొద్దుబారి ఆకు చింతగింజలా వస్తుంది.

నీలం పెన్ను గుర్తులు ఇస్త్రీ చేసి తర్వాత ఉతకమని రాసిన వాక్యాన్ని కొట్టేయండి. నీళ్ళకు పోయే నీలం గుర్తు వేడి తగిలితే గుడ్డలో నిలిచిపోవచ్చు. చన్నీళ్ళలో తడిపి గుర్తులు పూర్తిగా పోయాకే ఇస్త్రీ. వాడింగ్ గురించి కూడా పుస్తకంలో ఏమీ లేదు. హైదరాబాద్ బజార్లలో ఎక్కువగా దొరికేది మీటర్ల లెక్కన అమ్మే పాలియెస్టర్ వాడింగ్. అది కాటన్ వాడింగ్ కన్నా పొంగుగా ఉంటుంది. ఎంత మందం వరకు ఈ ఫుట్ పనిచేస్తుందో చెప్పాలి.

మేం అడుగుతున్నవి: 15.24 సెంటీమీటర్ల వంపుతో కొత్త అచ్చు, మా మిషన్ షాంక్‌కు సరిపడే ఫుట్, సరిచేసిన పుస్తకం. అచ్చు వెంబడి నడపడం కిట్‌లో భాగంగానే ఉంచదలిస్తే దానికి తగిన రూలర్ ఫుట్ కూడా ఇవ్వాలి. ఇవి 15 రోజుల్లో పంపలేకపోతే బిల్లులో కిట్‌కు విడిగా వేసిన మొత్తం తిరిగి ఇవ్వండి. మిషన్ వెనక్కి తీసుకోమని అడగడం లేదు. జాబ్ షీట్ మీద రాసిన మాటను కూడా సరిచేసి రాతపూర్వకంగా ఇవ్వాలి. రేపు వారంటీ కింద ఏ పని వచ్చినా ఆ ఒక్క వాక్యం చూపించి కాదంటారు.

గడువులో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఇది వ్యాపారానికి కొన్న మిషన్ కాబట్టి వినియోగదారుల కిందికి రాదని మీ డీలర్ అన్నారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(7) వివరణలో ఉంది. కొన్నవారు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది.

టెక్నీషియన్‌ను మళ్ళీ పంపేటట్టయితే ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల సాధనం), వాడింగ్ పెట్టిన గుడ్డ ముక్క, మీ గోడౌన్‌లోంచి సీలు తీయని కిట్ ఒకటి ఇచ్చి పంపండి. ఆ కిట్‌లోని అచ్చునూ ఫుట్‌నూ కూడా అక్కడికక్కడే కొలుద్దాం. తప్పు మా ఒక్క కిట్‌లోదా, ఆ బ్యాచ్ మొత్తానిదా తేలుతుంది.

జతపరిచినవి: బిల్లు నకలు, జాబ్ షీట్ నకలు, ఖాకీ కాగితం మీద వేసిన పది వంపులు, రెండు గుడ్డ ముక్కలు, రెండు ఫుట్‌లనూ స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు.

ఇట్లు,
రజాయిలు, బొంతలు కుట్టే మహిళలం,
సికింద్రాబాద్