కార్డో కథలో ఆడవాళ్లేరీ?

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో స్కాచ్ విస్కీ డిస్టిలరీల మీద వేసిన వ్యాసం చదివాను. కార్డో గురించి అందులో ఉన్నవి రెండే ముక్కలు: 1824లో జాన్ కమింగ్ లైసెన్స్ తీసుకున్నాడు, 1893లో జాన్ వాకర్ కంపెనీ కొనేసింది. మధ్యలో డెబ్బై ఏళ్ల కథ ఎగిరిపోయింది. నేను ఎక్సైజ్ శాఖలో చేసి రిటైరైనవాణ్ని. మందు ముట్టను గానీ, ఈ విషయంలో ఊరుకోలేకపోయాను.

కమింగ్ దంపతులు స్కాట్లాండ్‌లో స్పే నదికి ఎగువన, కొండమీది పొలాన్ని 1811లో కౌలుకు తీసుకున్నారు. దొంగసారా కేసుల్లో శిక్ష పడింది జాన్‌కి. కాచింది ఎక్కువగా ఆయన భార్య హెలెన్. ఆ చుట్టుపక్కల సత్రం లేక, తనిఖీకొచ్చిన ఎక్సైజ్ వాళ్లు వాళ్లింట్లోనే దిగేవాళ్లట. వాళ్ల అలికిడి వినగానే ఆమె సామానంతా దాచేసి, చేతులకు పిండి పూసుకుని, రొట్టెలు కాలుస్తున్నట్టు ఎదురొచ్చేదని చెబుతారు. పులిసిన బార్లీ ఊటకీ, పులిసిన రొట్టెపిండికీ వాసన దగ్గర దగ్గరే. రెంటినీ పొంగించేది ఈస్టే కదా. దాడికి వెళ్తే మాకు ముందు ఆచూకీ చెప్పేది ముక్కే. ఆవిడ సరిగ్గా దాన్నే బోల్తా కొట్టించింది! పైగా వాళ్లకి భోజనం వడ్డించి, అటు తింటుండగా ఇటు పెరట్లోకెళ్లి కొట్టం మీద ఎర్రజెండా ఎగరేసేదట, మిగతా బట్టీలవాళ్లు సర్దుకోవడానికి. మాజీ ఉద్యోగిగా నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది.

1823 చట్టం సుంకం తగ్గించి, ఏడాదికి 10 పౌండ్లకే లైసెన్స్ ఇచ్చింది. దాంతో దొంగచాటు పని అక్కర్లేకపోయింది.

1872లో కొడుకు లూయిస్ పోయాక కోడలు ఎలిజబెత్ వ్యాపారం చేతిలోకి తీసుకుంది. 1880లలో పక్కనే కొత్త డిస్టిలరీ కట్టించి, పాత రాగి బట్టీలను విలియం గ్రాంట్‌కి అమ్మింది. 1887 క్రిస్మస్ రోజున ఆయన పెట్టిన గ్లెన్‌ఫిడిక్ డిస్టిలరీలో మొదటి ధార వచ్చింది ఆ పాత బట్టీల నుంచే! వాకర్ కంపెనీతో 20,500 పౌండ్లకు బేరం కుదిర్చిందీ ఎలిజబెత్తే. అమ్మాక కూడా రోజువారీ పని తమ కుటుంబం చేతిలోనే ఉండాలని షరతు పెట్టి మరీ అమ్మింది.

కొన్నవాళ్ల పేరు వేశారు సరే, అమ్మినావిడ పేరు కూడా వచ్చే ఆదివారం సవరణలో వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎక్సైజ్ ఉద్యోగి